ఏహెచ్ఎల్‌లో రెండో ఏడాది అంటే ఆ కుర్రాడి పని అయిపోయినట్టేనా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న. అడిగినవారి అబ్బాయికి పద్నాలుగేళ్ళు, కెనడాలోని ఒంటారియోలో ఐస్ హాకీ ఆడుతున్నాడు. ఆ బాబుకి ఇష్టమైన డిఫెన్స్‌మన్‌ను మూడేళ్ళ కిందట ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పై మెట్టు ఐస్ హాకీ లీగు) జట్టు ఒకటి డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. ఆ ఆటగాడు ఇప్పటికీ దాని కింది మెట్టు లీగైన ఏహెచ్ఎల్‌లోనే ఉన్నాడు, అక్కడ ఇది రెండో సీజన్. గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) కలిపినా పాయింట్లు పెద్దగా లేవు. "ఇతను ఇక పైకి రాడు" అని అందరూ అంటుంటే పిల్లాడు దిగులు పడుతున్నాడట. ఏహెచ్ఎల్‌లో నిజంగా ఏమైనా నేర్పుతారా, లేక పైన ఖాళీ వచ్చేదాకా ఊరికే ఉంచుతారా, నేర్పితే ఎంత కాలం పడుతుంది అన్నది ప్రశ్న.

నేర్పుతారు. రెండో సీజన్‌లో అక్కడే ఉండటం మామూలు విషయం. డిఫెన్స్‌మన్ విషయంలో మరీ మామూలు. పాయింట్లు చూసి తేల్చేయకండి. ఒక్కో మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడో, ఎదుటి జట్టులో ఎవరి మీదికి పంపుతున్నారో, ఒక గోల్ ఆధిక్యంతో చివరి రెండు నిమిషాలు కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు కోచ్ అతన్ని దింపుతున్నాడా లేదా, ఇవి చూడండి. వీటికి మంచి సమాధానాలు వస్తుంటే ఆ కుర్రాడు సరైన దారిలోనే ఉన్నాడు.

నేను తొమ్మిది సీజన్లు ఒక ఏహెచ్ఎల్ జట్టు వీడియో గదిలో పనిచేశాను. ఎంఎస్ కోసం గుంటూరు నుంచి వచ్చి, యూనివర్సిటీ జట్టుకి మ్యాచ్ వీడియోలు కత్తిరించి పెట్టే పనిలో చేరి, అలా ఇందులోకి వచ్చాను. జట్టు పేరు, ఆటగాళ్ళ పేర్లు చెప్పను. ఆ గదిలో చూసినవి మాత్రం చెబుతాను.

ముందు లెక్క సరిచేసుకోవాలి. అభిమానులు డ్రాఫ్ట్ రోజు నుంచి ఏళ్ళు లెక్కపెడతారు. డ్రాఫ్ట్‌లో పిల్లల్ని తీసుకునేది ఎక్కువగా 18 ఏళ్ళకి, అంటే మన దగ్గర ఇంటర్ అయిపోయే వయసుకి. 32 జట్లు, 7 రౌండ్లు, ఏటా 224 మంది. వీళ్ళలో కెనడా మేజర్ జూనియర్ లీగుల (కుర్రాళ్ళ లీగులు) నుంచి వచ్చినవాళ్ళని వెంటనే ఏహెచ్ఎల్‌కి పంపడానికి 2025-26 సీజన్ దాకా వీలుండేది కాదు. చాలా ఏళ్ళు నడిచిన ఆ ఒప్పందం ప్రకారం 20 ఏళ్ళు నిండే సంవత్సరం దాకా వాళ్ళు ఎన్‌హెచ్ఎల్‌లో అయినా, జూనియర్‌లో అయినా ఆడాల్సి వచ్చేది. యూరప్ క్లబ్బుల నుంచి డ్రాఫ్ట్ అయినవాళ్ళకి ఈ అడ్డు ఉండేది కాదు. అంటే మీ అబ్బాయి అభిమానించే ఆటగాడు జూనియర్ నుంచి వచ్చినవాడైతే, మూడేళ్ళ నుంచి నానుతున్నట్టు కనిపించినా, పెద్దవాళ్ళతో ఆడటం మొదలుపెట్టి ఏడాదిన్నరే అయింది.

ఏహెచ్ఎల్‌ని రంజీ ట్రోఫీతో పోల్చి చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అర్థం కావడానికి అది కొంత సాయపడుతుంది గానీ ఒక పెద్ద తేడా ఉంది. రంజీ జట్టు తన రాష్ట్రం కోసం గెలవడానికి ఆడుతుంది. ఏహెచ్ఎల్‌లో 32 జట్లు ఉంటే ఒక్కోటీ ఒక్కో ఎన్‌హెచ్ఎల్ జట్టుకి అనుబంధం. అందులోని యువ ఆటగాళ్ళకి జీతమిచ్చేది, ఎప్పుడు పైకి పిలవాలో తేల్చేది పై జట్టే. ఆడే పద్ధతి కూడా పైజట్టుదే ఉంటుంది, పిలుపొచ్చిన రోజున కుర్రాడు కొత్త పాఠం నేర్చుకోవాల్సిన అవసరం లేకుండా.

అయితే కింది జట్టు యజమాని వేరేవాళ్ళు అయినచోట ఇబ్బందులు వస్తాయి. టికెట్లు అమ్ముడుపోవాలంటే గెలవాలి, గెలవాలంటే అనుభవం ఉన్న ఆటగాళ్ళు కావాలి. పైజట్టుకి మాత్రం తన కుర్రాళ్ళు ఆడాలి. షికాగో వుల్వ్స్ జట్టు 2023-24 సీజన్‌లో ఏ ఎన్‌హెచ్ఎల్ జట్టుతోనూ సంబంధం లేకుండా సొంతంగా ఆడింది. దాంతో కరోలైనా హరికేన్స్ తన కుర్రాళ్ళని వేర్వేరు జట్లకి పంపుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మళ్ళీ కలిశారు. కుర్రాడి ప్రతిభ గురించి అందరూ మాట్లాడతారు, అతను ఏ ఇంట్లో పెరుగుతున్నాడో ఎవరూ అడగరు. నా దృష్టిలో ఇది అంతే ముఖ్యం.

లీగులోనే ఒక నియమం ఉంది. మ్యాచ్‌కి దిగే 18 మంది ఆటగాళ్ళలో, గోలీలు (గోల్ కీపర్లు) కాకుండా, కనీసం 13 మంది 'డెవలప్‌మెంట్' ఆటగాళ్ళు అయ్యుండాలి. వాళ్ళలో 12 మంది సీజన్ మొదలయ్యే నాటికి 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లు మించి ఆడి ఉండకూడదు, ఇంకొకరికి 320 దాకా వెసులుబాటు. అంటే సీనియర్లకి మిగిలేది అయిదు స్థానాలు. ఆ అయిదుగురూ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. మా జట్టులో ముప్పై దాటిన ఒక డిఫెన్స్‌మన్ ఉండేవాడు. తనకి ఇక ఎన్‌హెచ్ఎల్ పిలుపు రాదని తెలుసు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఎప్పుడూ అతని పక్కనే ఆడించేవాళ్ళం. షిఫ్ట్ (మంచు మీద ఒక విడత ఆట) అయిపోయి బెంచి మీద కూర్చోగానే, కోచ్ నోరు తెరవకముందే, చేతి తొడుగు వెనక నోరు దాచుకుని కుర్రాడి చెవిలో ఒక్క మాట చెప్పేవాడు. ఒక్క మాటే. నేను వారమంతా తయారుచేసిన వీడియోలకంటే ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేయడం ఎన్నోసార్లు చూశాను.

ఇప్పుడు అసలు విషయం, అక్కడ నేర్చుకునేది ఏమిటి? డిఫెన్స్‌మన్ గురించే అడిగారు కాబట్టి ఒకే ఒక్క సంగతి దగ్గరగా చూపిస్తాను.

ఎదుటి జట్టు పక్‌ని (ఆడే రబ్బరు బిళ్ళని) మన వైపు మూలలోకి కొడుతుంది. మన డిఫెన్స్‌మన్ వెనక్కి తిరిగి దాని కోసం వెళ్ళాలి. అతని వీపు వెనక ఒక ఫార్వర్డ్ దూసుకొస్తుంటాడు. జూనియర్‌లో ఆ వచ్చేవాడు పదిహేడేళ్ళ పిల్లాడు. మనవాడు వేగంగా స్కేట్ చేస్తాడు కాబట్టి చూడకుండా వెళ్ళి పక్ అందుకుని తిరిగి వచ్చేస్తాడు. ఏహెచ్ఎల్‌లో ఆ వచ్చేవాడికి ఇరవై ఆరేళ్ళు, తొంభై అయిదు కిలోలు, మనవాడు ఎటు తిరుగుతాడో వాడికి ముందే తెలుసు. అందుకని పక్ దగ్గరికి వెళ్ళేలోపు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి. వెనక్కి తిరగ్గానే ఒకసారి, పక్‌ని ముట్టుకోబోయే ముందు ఇంకొకసారి. మొదటి చూపు ఎంతమంది వస్తున్నారో చెబుతుంది. రెండో చూపు వాళ్ళు ఏ భుజం వైపు నుంచి వస్తున్నారో చెబుతుంది. ఆ రెండో చూపు లేనివాడు గోడకేసి గుద్దించుకుంటాడు, లేదా భయపడి పక్‌ని గుడ్డిగా బోర్డుల వెంట కొట్టేస్తాడు. అది నేరుగా ఎదుటివాళ్ళకే అందుతుంది.

ఒక ఇరవై ఏళ్ళ కుర్రాడి విషయంలో నేను దీన్ని ప్రతి మ్యాచ్‌కీ లెక్కపెట్టాను. అక్టోబర్‌లో పదిసార్లు పక్ కోసం వెళితే మూడుసార్లు కూడా రెండో చూపు ఉండేది కాదు. వారం మధ్యలో ప్రాక్టీస్ అయిపోయాక అసిస్టెంట్ కోచ్ ఆ కుర్రాణ్ణి ఉంచేసి మూలలోకి పక్‌లు కొడుతూ ఉండేవాడు. వెనక ఇంకో కోచ్ కర్రని ఒక వైపుకి పైకెత్తి పట్టుకుని తరుముతాడు. కుర్రాడు పక్ ముట్టుకునేలోపు "ఎడమ" అనో "కుడి" అనో గట్టిగా అరవాలి. చూస్తేనే చెప్పగలడు. రోజుకి ఇరవైసార్లు, వారంలో మూడు రోజులు. ఫిబ్రవరి వచ్చేసరికి పదిలో ఎనిమిదిసార్లు తల తిరిగేది. ఈ నాలుగు నెలల్లో పాయింట్ల పట్టికలో అతని పేరు ఎక్కడుందో అక్కడే ఉంది. ఏమీ మారలేదు అన్నారు బయట. లోపల మాకు మాత్రం వేరే ఆటగాడు కనిపించాడు.

ఇలాంటి అలవాట్లు ఎన్నో ఉంటాయి. ఎదురుగా వచ్చేవాడికీ తనకీ మధ్య ఎంత దూరం ఉంచాలి, కర్ర ఎక్కడ పెట్టాలి, అలిసిపోకముందే నలభై, నలభై అయిదు సెకన్లలో షిఫ్ట్ ముగించి ఎలా రావాలి... ఒక్కోదానికీ నెలలు పడతాయి.

దీనికి ఏహెచ్ఎల్ షెడ్యూల్ కూడా కలిసొస్తుంది. ఎన్‌హెచ్ఎల్‌లో ఎనభైకి పైగా మ్యాచ్‌లు వారమంతా పరుచుకుని ఉంటాయి, గట్టిగా ప్రాక్టీస్ చేసే రోజులే తక్కువ. ఏహెచ్ఎల్‌లో 72. ఎక్కువ శుక్ర, శని, ఆదివారాల్లో పెడతారు. వారం మధ్య రోజులు ప్రాక్టీస్‌కి, జిమ్‌కి, వీడియోకి దొరుకుతాయి. ఒక్కోసారి మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు, మధ్యలో బస్సు ప్రయాణం. నేను ఎక్కువ శ్రద్ధగా చూసేది ఆదివారం మ్యాచ్. కాళ్ళలో బలం లేనప్పుడు కూడా తల తిరుగుతోందంటే అది అలవాటుగా మారినట్టు. శుక్రవారం చేసి ఆదివారం మర్చిపోయాడంటే ఇంకా సమయం పడుతుంది.

వీడియో గురించి నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, ఎందుకంటే పిల్లల ఆటలు ఫోన్‌లో తీసి చూపించే తల్లిదండ్రులు కూడా ఇదే చేస్తారు. మొదటి ఏడాది ఒక కుర్రాడు చేసిన తప్పులన్నీ ఏరి, ఇరవైకి పైగా క్లిప్పులు పేర్చి వరసగా చూపించాను. బాగా పనిచేశానని అనుకున్నాను. అతను మాట్లాడలేదు, తలూపి వెళ్ళిపోయాడు. మరుసటి రాత్రి మ్యాచ్‌లో పక్ తన దగ్గరికి వస్తే చాలు, నిప్పు తగిలినట్టు వదిలించుకున్నాడు. హెడ్ కోచ్ నన్ను పిలిచి, ఇకనుంచి ఆరు క్లిప్పులే, అందులో మొదటి రెండు అతను బాగా చేసినవి ఉండాలి, మిగతా నాలుగూ ఒకే తప్పుకి సంబంధించినవై ఉండాలి అన్నారు. ఆ ఉద్యోగం వదిలేదాకా అదే పద్ధతి పాటించాను.

ఎంత కాలం అని కూడా అడిగారు. నేను చూసినంతలో ఫార్వర్డ్‌లకి ఏడాదిన్నర, రెండేళ్ళు. డిఫెన్స్‌మెన్‌కి రెండు నుంచి మూడు. గోలీలకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే పైజట్టులో ఉండేవి రెండే స్థానాలు. గోలీ జోర్డన్ బినింగ్టన్‌ని సెయింట్ లూయిస్ బ్లూస్ 2011లో డ్రాఫ్ట్ చేసింది. 2017-18లో బ్లూస్‌కి సొంత అనుబంధ జట్టు లేక అతన్ని ఇంకో ఎన్‌హెచ్ఎల్ జట్టుకి అనుబంధమైన ప్రావిడెన్స్‌కి అప్పుగా ఇచ్చారు. అప్పటికి అతని పేరు చాలామంది మర్చిపోయారు. 2019 జనవరిలో 25 ఏళ్ళ వయసులో పైజట్టు గోల్ ముందు నిలబడ్డాడు, జూన్‌లో ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. ఇంకో గోలీ కానర్ హెలెబక్ 2012లో అయిదో రౌండ్‌లో, 130వ ఆటగాడిగా డ్రాఫ్ట్ అయ్యాడు. రెండేళ్ళు కాలేజీ హాకీ, తర్వాత 2014-15లో సెయింట్ జాన్స్ ఐస్‌క్యాప్స్ తరఫున ఏహెచ్ఎల్‌లో 58 మ్యాచ్‌లు. ఆ 58 మ్యాచ్‌లు పైజట్టులో రెండో గోలీగా బెంచి మీద కూర్చుంటే వచ్చేవి కావు. 2025లో ఎన్‌హెచ్ఎల్‌లోనే అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

కావాలనే ఆలస్యం చేసే జట్లు కూడా ఉన్నాయి. డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కి కెన్ హాలండ్ జనరల్ మేనేజర్‌గా ఉన్న కాలంలో, కుర్రాడు సిద్ధమయ్యాడు అనిపించాక కూడా ఇంకొంత కాలం తమ ఏహెచ్ఎల్ అనుబంధ జట్టు గ్రాండ్ ర్యాపిడ్స్‌లోనే ఉంచేవాళ్ళు. చెట్టునే పండనిచ్చి, మాగాక కోసుకోవడం లాంటిది. గుస్తావ్ నీక్విస్ట్, తోమాష్ తాతర్ అలా వచ్చినవాళ్ళే. ఇద్దరూ 2013లో గ్రాండ్ ర్యాపిడ్స్‌తో ఏహెచ్ఎల్ విజేతకిచ్చే కాల్డర్ కప్ గెలిచారు. ఆ తర్వాతి సీజన్‌లో నీక్విస్ట్ డెట్రాయిట్ తరఫున 57 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు. ప్రతి కుర్రాడికీ ఈ పద్ధతి సరిపోతుందని నేననను. కొందరికి కింద ఆట మరీ తేలికైపోయి చెడు అలవాట్లు పట్టుకుంటాయి, వాళ్ళని పైకి తీసుకెళ్ళాల్సిందే. అయినా తొందరపడి పాడైనవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

అందులో ఒకటి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. జనవరిలో మా కుర్రాడొకడికి పిలుపు వచ్చింది. అప్పటికి మా దగ్గర మ్యాచ్‌కి ఇరవై రెండు నిమిషాలు ఆడుతున్నాడు, పవర్‌ప్లేలో (పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో ఆటగాళ్ళు తక్కువైనప్పుడు దింపే దళంలో) ఉన్నాడు. పైన అయిదు వారాలు ఉంచుకున్నారు. నాలుగు మ్యాచ్‌లు ఆడించారు, అవీ ఏడెనిమిది నిమిషాలే. మిగతా రాత్రులు సూట్ వేసుకుని పైనుంచి చూడటమే. ఎన్‌హెచ్ఎల్ జీతం వచ్చింది, ఇంట్లోవాళ్ళు సంతోషించారు. తిరిగొచ్చాక పక్ తన కర్రకి తగిలే లోపే ఆలోచన పూర్తి కావాల్సినవాడు, తగిలాక ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆ వేగం మళ్ళీ రావడానికి సీజన్ చివరిదాకా పట్టింది. కాబట్టి పైకి పిలవలేదని బాధపడకండి. పిలిచి ఆడించకపోవడం అంతకంటే నష్టం.

ఇంకో సంగతి అభిమానులకి సరిగ్గా తెలియదు. వేవర్స్ నియమం. ఎన్‌హెచ్ఎల్ జట్టు ఒక సీనియర్‌ని కిందికి పంపాలంటే ముందు అతన్ని మిగతా జట్లన్నిటి ముందూ పెట్టాలి, ఎవరైనా కావాలంటే తీసేసుకోవచ్చు. కుర్రాళ్ళకి కొంతకాలం ఇది వర్తించదు. ఉదాహరణకి 18 ఏళ్ళకి ఒప్పందం చేసుకున్న ఆటగాడికి మామూలుగా 5 ఏళ్ళు లేదా 160 ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్‌లు, 20 ఏళ్ళకి చేసుకున్నవాడికి 3 ఏళ్ళు లేదా 160 మ్యాచ్‌లు, ఏది ముందు వస్తే అది. అందుకే సెప్టెంబర్ క్యాంపులో కుర్రాడు సీనియర్ కంటే బాగా ఆడినా కుర్రాడే కిందికి వస్తాడు. అతన్ని పంపితే జట్టు ఏమీ పోగొట్టుకోదు, సీనియర్‌ని పంపితే పోగొట్టుకోవచ్చు. ఆ రోజు కుర్రాడి ముఖం చూడటం కష్టంగా ఉంటుంది. కానీ అది అతని ఆట మీద తీర్పు కాదు.

మరి ఎప్పుడు ఆందోళన పడాలి? పాయింట్లు తగ్గినప్పుడు కాదు. రెండో ఏడాది ఆడే నిమిషాలు తగ్గుతుంటే, తన తర్వాత వచ్చిన కుర్రాడు తన స్థానంలోకి వెళ్ళిపోతే, గాయం లేకుండానే మ్యాచ్‌లు కూర్చోబెడుతుంటే, మూడేళ్ళ మొదటి ఒప్పందం ఆఖరి ఏడాదిలో కూడా ఒక్క పిలుపు రాకపోతే, అప్పుడు. ఇంకో మెట్టు కింద ఉన్న ఈసీహెచ్ఎల్‌కి పంపినా నేను వెంటనే ఆశ వదులుకోను. అక్కడ ప్రతి మ్యాచ్ ఆడతాడు. యాని గోర్డ్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఈసీహెచ్ఎల్‌లో కాలమజూకి ఆడి, తర్వాత సిరక్యూస్‌లో ఏహెచ్ఎల్ ఆడి, 2017-18లో 26 ఏళ్ళ వయసులో టాంపా బే తరఫున 64 పాయింట్లు సాధించాడు. 2020, 2021 స్టాన్లీ కప్పులు గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇలా పైకి వచ్చినవాళ్ళ పేర్లే నేను చెబుతున్నానని కూడా గుర్తుంచుకోండి. రాకుండా ఆగిపోయినవాళ్ళు వీళ్ళకంటే చాలా ఎక్కువ మంది, వాళ్ళలో కష్టపడనివాళ్ళు తక్కువ.

ఆట బయటి సంగతి ఒకటి. ఇరవై ఏళ్ళ కుర్రాడు, మొదటిసారి ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. జూనియర్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక కుటుంబం ఇంట్లో పెట్టుకుని వండిపెట్టింది. ఒక కుర్రాడు డిసెంబర్‌కల్లా నాలుగు కిలోలు తగ్గిపోయాడు. గోడ దగ్గర ప్రతి పెనుగులాటలోనూ ఓడిపోతుంటే మేము వీడియోల్లో కాళ్ళ స్థానం వెతుకుతూ కూర్చున్నాం. చివరికి ఫిట్‌నెస్ కోచ్ అతని ఫ్రిజ్ తెరిచి చూశాడు. పాలు, ఒక సీసా సాస్. రాత్రిపూట సీరియల్ తిని పడుకుంటున్నాడు. వంట నేర్పించారు. మా ఆవిడ కూడా రెండు ఆదివారాలు పిలిచి అన్నం, చికెన్ కూర వండించింది. ఫిబ్రవరికి బరువు తిరిగొచ్చింది, గోడ దగ్గర గెలవడం మొదలైంది.

మీ బాబుకి చెప్పడానికి ఇంకో పేరు ఇస్తాను. అర్ష్‌దీప్ బైన్స్. బ్రిటిష్ కొలంబియాలోని సర్రేకి చెందిన పంజాబీ కుటుంబం అబ్బాయి. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో జూనియర్ లీగైన వెస్టర్న్ హాకీ లీగ్‌లో 112 పాయింట్లతో అందరికంటే ముందు నిలిచాక వాంకూవర్ కనక్స్ ఒప్పందం ఇచ్చింది. ఏహెచ్ఎల్‌లో వాంకూవర్ అనుబంధ జట్టు అబ్బాట్స్‌ఫర్డ్‌కి ఆడుతూ 2024 ఫిబ్రవరిలో మొదటిసారి ఎన్‌హెచ్ఎల్‌లో దిగాడు. మళ్ళీ కిందికి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. 2025లో అబ్బాట్స్‌ఫర్డ్ కాల్డర్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అదే జట్టు గోలీ ఆర్తుర్స్ షిలోవ్స్ 2024లో వాంకూవర్‌కి ఎన్‌హెచ్ఎల్ ప్లేఆఫ్స్ ఆడి, మరుసటి ఏడాది కిందికి వచ్చి, ఆ కాల్డర్ కప్ ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. పైకి వెళ్ళి కిందికి రావడం వీళ్ళ జీవితంలో మామూలు ప్రయాణమే.

మీకు వీలైతే ఒక పని చేయండి. ఆ ఆటగాడి జట్టు టొరంటోలోని ఏహెచ్ఎల్ జట్టు టొరంటో మార్లీస్ మీద ఆడటానికి వచ్చినప్పుడు బాబుని తీసుకెళ్ళండి. కింద అద్దం పక్కన సీట్లు వద్దు, మూలకి కాస్త పైన తీసుకోండి, టికెట్ కూడా చవక. అతని జట్టు మీరున్న వైపు గోల్‌ని కాపాడుకునే పీరియడ్ చూసుకుని, ఆ ఇరవై నిమిషాలూ పక్‌ని చూడొద్దని, అతన్ని ఒక్కడినే చూడమని చెప్పండి. చేతికి ఒక కాగితం, పెన్సిల్ ఇవ్వండి. పక్ మూలలోకి వెళ్ళి అతను వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఒక గీత. భుజం మీదుగా రెండోసారి చూస్తే ఆ గీత మీద ఇంకో అడ్డగీత. ఇంటికొచ్చాక ఆ లెక్క ఇక్కడ రాయండి, నేను చదివి బాబుకే జవాబిస్తాను.